మేజర్ ఎక్కని మెట్లు

ఫిట్ అని ఎట్ల రాసిండ్రు డాక్టరు సారు? పేరు మంచిగ చూడుండ్రి. మా ఇంటాయన సదానందం, టింబర్‌మన్. పైకప్పు కూలకుంట దుంగలు నిలబెట్టుకుంట ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల దిగిన మనిషి. దగ్గుతడు. మోకాళ్లు కిర్రుమంటయి. ఇంత లావు ఫైలు పంపిన, మీ మెడికల్ బోర్డు తెరిచిందో లేదో.

కూసోను సారు, నిలబడే చెప్త. ఆయన కింద మందుగోలీల కాడ లైన్ల ఉన్నడు. వచ్చేలోపట చెప్పాలె.

ఏంది? ఆయనే చెప్పిండా?

ఓయమ్మ. బరువులు ఎత్తుతవా అని మీరడిగితే, ముప్పై ఎనిమిది కిలోల కుక్కను ఎత్తుకొని రోజుకు మూడుసార్లు ముప్పై ఆరు మెట్లు ఎక్కుత అన్నడా? నవ్వుకుంట గూడ చెప్పి ఉంటడు. ఇంట్ల పదిసార్లు నేర్పి పంపిన సారు. నడుము పట్టుకో, మాట మధ్యల ఆగు, ఆయాసపడు అని. అన్నిటికి తలకాయ ఊపిండు. కుక్క మాట రాంగనే అన్నీ మర్చిపోయిండు.

ఆ కుక్క వాళ్ల బాయి మేనేజరు సారుది. బదిలీ మీద పోతా ఈయన చేతుల పెట్టిపోయిండు. మేజర్ అని పేరు. దూడంత ఉంటది. మా క్వార్టరేమో మూడో అంతస్తు. బంగ్లల పెరిగింది గద, మెట్లంటే భయం అంటరు అందరు. కాదు సారు. నెల రోజులల్లనే నేర్సుకున్నది. ఈయన డ్యూటీ దిగి వచ్చిండంటే చాలు, ధడధడ కిందికి ఉరికి, టిఫిన్ డబ్బా నోట పట్టుకొని ముందల ఎక్కేది.

ఇప్పుడా? మొదటి మెట్టు కాడ్నే ఉచ్చ పోసుకుంటది. ఈయన భుజాల మీద వేసుకొని మోస్తడు. ఎక్కినంతసేపు ‘తప్పైంది బిడ్డా, తప్పైంది’ అనుకుంట. ఒకనాడు అది మెట్ల మీద పండుకొని ఉంటే, చూడక బూటుకాలుతోని తొక్కిండు. అందుకే బెదిరింది అనుకుంటడు. రెండేండ్లాయె, ఇంక అదే మాట. నేను కాదనలే.

అట్ల చూడకుండ్రి సారు. మా శివకు ముప్పై నాలుగు. ఆటో నడుపుతడు, పిల్లనిచ్చెటోడు లేడు. తండ్రి అన్‌ఫిట్ అయితేనే కొడుక్కు నౌకరి. ఈ ఎండాకాలం దాటితే రిటైరుకు దగ్గర పడ్డడని ఆ దరఖాస్తు గూడ తీసుకోరు. నాకేం రోగం, రిటైరైందాక బాయిల దిగుత అని మొండికేసిండు. మొన్న శివ కాళ్ల మీద పడితే బోర్డుకు వచ్చిండు. అవును, రాయి అసుంటి ఒళ్లే. ఆ దగ్గు గూడ తంబాకుది.

నడుము పోతే అన్‌ఫిట్ చేస్తరని పక్క క్వార్టర్ల సుసన్నక్క చెప్పింది. వాళ్లాయనకు అట్లనే అయిందట. మరి నడుము ఊకె పోతదా? మొయ్యాలె. మా ఇంట్ల మొయ్యనీకి ఏమున్నది? సిలిండరు శివ తెస్తడు. కుక్క ఒక్కటే ఉన్నది.

నేనే సారు.

ఈయన పొద్దటి షిఫ్టుకు పోయినంక పైమెట్టు మీద నిలబడి దాన్ని పిలిచిన. తోక ఊపుకుంట వచ్చింది. కాలుతోని తోసిన. మలుపు దాక దొర్లింది. లేచి మళ్ల వచ్చింది, తోక ఊపుకుంటనే. మళ్ల తోసిన. మూడు రోజులు గంతే పని. మూడోనాడు పిలిస్తే రాలే.

ఇంత చేస్తే ఏమైంది? రెండేండ్లు మోసిండు, నడుము పోలే. కాళ్లు గట్టిపడ్డయి, గుండె గట్టిపడ్డది. మీరే రాసిండ్రు గద, వయసుకు మించిన బలమని. ఆ బలం నేనిచ్చిందే సారు. ఎవరికి చెప్పుకోవాలె?

ఏంది, నా వెనుకకు చూస్తున్నరు?

ఓ శివ వాళ్ల నాయిన, ఎప్పుడొచ్చినవ్?

విన్నవా? వింటే విన్నవు. గోలీలు కింద పడ్డయి, ఏరుకో.

ఏరుకుంటలేడు సారు. గోడ పట్టుకున్నడు. ఆ చేతులు చూడుండ్రి, ఎట్ల వణుకుతున్నయో. ఇంట్ల ఎంత నేర్పినా రాలేదు గది. ఊపిరి గూడ అందుతలేదు.

కాయిదం ఇంకా మీ ముందలనే ఉన్నది గద.

ఇప్పుడు రాయుండ్రి.