తేనెటీగలు మోసుకెళ్ళిన పడవ

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పడం లేదు నికొలాసా. పడవ నిండా వాలిన తేనెటీగల్ని, ఒక్కదాన్ని కూడా చంపకుండా ఖాళీ చేయించాను. అంతే," అన్నాడు ఎవరిస్తో.

లొరెతో రేవు పక్కన, వేయించిన చేప ముక్కలు రొట్టెలో చుట్టి అమ్మే నికొలాసా తాకోల కొట్టు. మధ్యాహ్నం మూడయింది. తాటాకు పందిరి కింద నికొలాసా కాక ముగ్గురే ఉన్నారు. ఎవరిస్తో ఒకడు. ముప్పై ఏళ్ళు చేపలు పట్టి, అరవై దాటాక ఇల్లమ్మేసి, ఓ పాత తెరచాప పడవ కొని భార్య ఓతీలియాతో దానిమీదే కాపురం పెట్టిన మనిషి. చలికాలం దక్షిణాన బార్రా దాకా పోతారు, ఎండలు ముదిరేసరికి మళ్ళీ ఇటు వస్తారు. పడవకంటే ముందు అతని నోరు రేవులోకి వస్తుందని ఊళ్ళో అంటారు. రెండోవాడు హసింతో, చిన్నప్పటి నుంచి స్నేహితుడు, ఒళ్ళో వల పెట్టుకుని చిరుగులు కుట్టుకుంటున్నాడు. మూడో మనిషి ఒక ఆడమనిషి. ఆ ఉదయమే రేవులో లంగరు వేసిన ఇంకో పడవ ఆవిడది. నీళ్ళ డబ్బాలు గొట్టం కింద పెట్టి, అవి నిండేదాకా తాకో తింటూ కూర్చుంది. నెత్తిన గడ్డి టోపీ. ఎవరిస్తోకి ఆవిడ ఎవరో తెలీదు. కొత్త చెవులు దొరికాయన్న సంతోషం మాత్రం మొహంలో కనిపిస్తోంది.

"ముందటేడు ఆగస్టు సంగతి. కార్మెన్ దీవి వెనక, తూర్పుకి నోరు తెరుచుకున్న చిన్న మలుపు ఒకటుంది చూడు, అక్కడ తొమ్మిది రోజులుగా పడి ఉన్నాం. నేలమీద బతికేవాళ్ళు పడవ కాపురమంటే కాళ్ళు చాపుకుని కూర్చోవడమనుకుంటారు. పొద్దున్న లేవగానే లంగరు వేసిన చోటే ఉందా లేదా చూసుకోవాలి, ఎనిమిదింటికి రేడియో దగ్గర కూర్చోవాలి, ఎవరెక్కడ ఉన్నారు, ఎవరికి గాలి ఎటుంది, ఎవరి ఇంజను బెల్టు తెగింది, అన్నీ వినాలి, ఆ తర్వాత నీళ్ళ డబ్బా ఊపి చూడాలి, ఇంకెన్ని చెంబులున్నాయో. ఆ రోజు ఓతీలియా ఉన్న నీళ్ళలోంచి రెండు చెంబులు తీసి దుప్పట్లు జాడించింది. ఉప్పునీళ్ళలో ఉతికితే రాత్రంతా దురద కదా. జాడించి తాళ్ళమీద ఆరేసింది. అదీ మా కొంప ముంచింది."

"దుప్పటి ఆరేస్తే కొంప మునగడమేంటి బావా?" అన్నాడు హసింతో.

"పొద్దుగూకితే ఇంటికెళ్ళి పడుకునేవాడివి, నీకేం తెలుస్తుంది. ఆగస్టులో ఆ దీవుల మీద మంచినీటి చుక్క ఉండదు. తడిగుడ్డ వాసన తగిలిందా, తేనెటీగ రెండు మైళ్ళ నుంచి వెతుక్కుంటూ వస్తుంది. ముందు మూడు వచ్చాయి. దుప్పటి అంచు చీకి వెళ్ళిపోయాయి. ఓతీలియా చూసి, 'ఇవి చుట్టాల్ని పిలుచుకొస్తాయి, దుప్పట్లు లోపలికి లాగెయ్' అంది. నేను కాఫీ తాగి లాగుదామనుకున్నాను. సగం కప్పు తాగేసరికి మూడొందలు. కప్పు అయ్యేసరికి లెక్క లేదు. మా పడవ తెల్లది కదా, గోధుమరంగులోకి మారిపోయింది. చుక్కాని మీద, మోకుల మీద, లంగరు గొలుసు మీద ఒక్కొక్క కడియం చుట్టూ గుత్తులుగా. ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పనా, చెవిలో కాదు, పళ్ళల్లో వినిపిస్తుంది."

నికొలాసా పెనం మీద చేప ముక్క తిప్పడం ఆపింది. "ఓతీలియా?"

"లోపలికి పంపేశాను. ఆవిడకి ఒక్క ఈగ కుడితే చెయ్యి దిమ్మెలా వాచిపోతుంది. తలుపు పలకలు వేసి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కుకుంది. బయట నేనొక్కణ్ణే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి ఆగిపోయింది."

హసింతో సూది ఆగింది. ఆగస్టు మధ్యాహ్నం గాలి ఆగిపోవడమంటే ఏమిటో అతనికి చెప్పక్కర్లేదు.

"తూర్పున చూశాను. అవతలి ఒడ్డు మీద నల్లటి గోడ. చుబాస్కో, ఎండాకాలపు గాలివాన. గోడ కింద సముద్రం తెల్లగా ఉడుకుతోంది. మా మలుపు నోరు సరిగ్గా అటే. వెనక్కి చూస్తే రాళ్ళు, ఇదిగో ఇక్కణ్ణుంచి ఆ మంచుగడ్డల దుకాణం ఉన్నంత దూరం. ఇరవై నిమిషాలు కూడా లేదు. లంగరెత్తి బయటపడాలి. గొలుసు చూస్తే కనిపించదు, అంతా ఈగలే. ఇంజను మీట మీద ఈగలే. నేనేం చేశానంటే చొక్కా విప్పేశాను."

"చొక్కా ఎందుకు?"

"వేసుకుని ఉంటే గుడ్డలో చిక్కుకుని బెదురుతాయి, బెదిరితే కుడతాయి. ఒట్టి ఒంటితో, చెప్పుల్లేకుండా, 'జరగండమ్మా, జరగండి' అనుకుంటూ నడిచాను. జరిగాయి. వేలం పాటలో పెద్దమనిషికి దారిచ్చినట్టు జరిగాయి. గొలుసు దగ్గరికి వెళ్ళి రెండు చేతులా పట్టుకున్నాను. అప్పుడు రాణి ఈగ వచ్చి నా మీసం మీద వాలింది."

"రాణి నీళ్ళకి రాదు బావా, పని ఈగలే వస్తాయి," అన్నాడు హసింతో.

"ఈ రాణి వచ్చింది. ఇంట్లో కూర్చుని ఇంకొకళ్ళ తప్పులు పట్టే రకం కాదు. గ్వాదలూపె తల్లి మీద ఒట్టు, ఎడమ మీసం మీద. మీసం అటు బరువెక్కి తల వంగిపోయింది. నేను ఊపిరి బిగబట్టి నెమ్మదిగా అన్నాను, 'తల్లీ, నీ పిల్లలు నీ వెనక ఉన్నారు, నా పెళ్ళాం నా వెనక ఉంది. అదిగో గాలి వస్తోంది. పడవ ఆ రాళ్ళ మీద పడితే నీకు నీళ్ళుండవు, నాకు ఇల్లుండదు. ఇద్దరం ఏదో ఒకటి చెయ్యాలి.' విన్నది. కాసేపు ఆలోచించింది. గాలి మొదటి దెబ్బ అప్పుడే తగిలింది, పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది, లంగరు జారడం కాళ్ళకి తెలుస్తోంది, కింద ఇసుక మీద ఈడ్చుకుపోతున్నట్టు గర్ గర్ మని. వెనక రాళ్ళ మీద అల విరిగిన నీళ్ళు నా వీపు మీద పడుతున్నాయి. రాణి లేచింది."

"లేచి?" అంది నికొలాసా.

"తెరచాప కొయ్య చివరకెళ్ళి కూర్చుంది. ఆవిడ వెనకే మొత్తం దండు. రెండు లక్షలకి ఒకటి తక్కువుండదు. తెరచాప అంచులు, మోకులు, కొయ్యలు, ఎక్కడ పట్టు దొరికితే అక్కడ కాళ్ళతో పట్టుకుని ఒక్కసారి రెక్కలు ఆడించాయి. గాలి అటు నుంచి తోస్తోంది, ఇవి ఇటు లాగుతున్నాయి, పడవ మధ్యలో కీచుమంటోంది. నేను లంగరు లాగేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లంగరు వచ్చింది, దానితోబాటు మేమూ వచ్చాం. పైకి."

"పైకంటే?"

"పైకంటే పైకే. నీళ్ళు విడిచి. పడవ అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి, మూడేళ్ళుగా పట్టిన గుల్లలన్నీ గాలికి ఎండి గలగలా రాలిపోయాయి, మళ్ళీ ఏడాదిన్నర దాకా గీకే పని పడలేదు. రాళ్ళ మీదుగా జానెడు ఎత్తులో దాటాం. తర్వాత కొండ. చుక్కాని గట్టిగా పట్టుకున్నాను, గాల్లో చుక్కాని కొంచెం ఆలస్యంగా తిరుగుతుంది, అలవాటు పడాలి. కింద ఉప్పు మడుగు తెల్లగా పళ్ళెంలా ఉంది. కొండగొర్రెలు తలెత్తి చూశాయి, ఒక ముసలిది మాత్రం మేత ఆపలేదు. వెనకనుంచి చుబాస్కో తరుముకొస్తోంది. మెరుపొకటి సరిగ్గా తెరచాపకే గురిపెట్టి వచ్చింది. ఈగలు మధ్యలో కిటికీ అంత సందు ఇచ్చాయి. మెరుపు అందులోంచి దూరి అటు వెళ్ళిపోయింది. నా కనుబొమలు మాత్రం కాలాయి."

హసింతో వల పక్కన పెట్టేశాడు. "తేనె కూడా పెట్టాయేమో."

"దారిలోనే. కొయ్య బోలుగా ఉంటుంది కదా, నిండా. దిగాక కింద రంధ్రం చేసి పట్టుకుంటే ఏడు డబ్బాలు. సరే విను. కార్మెన్ దాటాం, కాలువ దాటాం, ఇదిగో ఈ ఊరి మీదికొచ్చాం. చర్చి గంటకి లంగరు తగలకుండా కాలితో పైకెత్తి పట్టుకోవలసి వచ్చింది. రేవులో ఎక్కడ ఖాళీ ఉందో చూసుకుని, రెండు పడవల మధ్య, ఇటు జానెడు అటు జానెడు, చప్పుడు లేకుండా దించాయి. నా కాఫీ కప్పు పెట్టినచోటే ఉంది. ఒలకలేదు."

"ఓతీలియా ఏమంది ఇదంతా చూసి?" అంది నికొలాసా.

"చూడ్డమా? లోపల చిక్కుళ్ళు ఉడకపెట్టుకుంటోంది. నేను తలుపు పలక తీసి, రా, ఊరొచ్చింది అంటే, 'అప్పుడేనా' అంది. పడవ లేచిన సంగతే ఆవిడకి తెలీదు."

"ఓతీలియాకి తెలీదా?" అంది గడ్డి టోపీ ఆవిడ.

అంతసేపూ ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరిస్తో చెయ్యి గాల్లో, పడవ దించిన చోటే ఆగిపోయింది. ఆవిడ మొహం ఎప్పుడూ చూడలేదు అతను. గొంతు మాత్రం ఎక్కడో విన్నాడు.

"నేను లూసేరో పడవ బెనీల్దాని," అంది ఆవిడ. "ఎనిమిదింటికి రేడియోలో మీ తర్వాత పలికే పడవ మాదే. రెండేళ్ళుగా వింటున్నారు నన్ను."

ఎవరిస్తో చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

బెనీల్దా చేతులు తుడుచుకుంది. హసింతోకీ నికొలాసాకీ చెప్పింది, ఎవరిస్తో వైపు చూడకుండా. "ఆ మధ్యాహ్నం మేము పది మైళ్ళు ఉత్తరాన ఉన్నాం. మాకూ అదే గోడ కనిపిస్తోంది. మా అన్న రెండో లంగరు దించుతున్నాడు, నేను రేడియో దగ్గర ఉన్నాను. ఓతీలియా పిలిచింది. 'లూసేరో, వింటున్నావా. మా పడవ నిండా తేనెటీగలు. మా ఆయన వెనక కట్టిన చిన్న పడవలో ఉన్నాడు, తలమీద చిక్కుళ్ళ గిన్నె బోర్లించుకుని. రమ్మంటే రావడం లేదు. లంగరు జారుతోంది. నేను దుప్పటి చుట్టుకుని బయటికెళ్తున్నాను. పది నిమిషాల్లో పలక్కపోతే ఎవరికైనా చెప్పు' అంది. ఒక్క ఈగ కుడితే ఆవిడకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. జూన్‌లో ఒకసారి చెప్పింది. వద్దనబోయాను, అప్పటికే రేడియో వదిలేసింది."

పెనం మీద చేప మాడుతున్న వాసన వచ్చింది. నికొలాసా తియ్యలేదు.

"పది నిమిషాలయింది. పలకలేదు. ఇరవై. మా మీదికి గాలి వచ్చేసింది, పడవ ఎగిరెగిరి పడుతోంది, మా అన్న బయట అరుస్తున్నాడు, నేను కదల్లేదు. ఎవరికి చెప్పను? ఆ గాలిలో ఎవరు వెళ్తారు? ఓతీలియా, ఓతీలియా అని పిలుస్తూనే ఉన్నాను. నలభై నిమిషాలకి పలికింది. నాలుక వాచి మాట ముద్దగా వస్తోంది. 'బయటపడ్డాం. లంగరు లాగేశాను. కళ్ళు రెండూ మూసుకుపోయాయి. మా ఆయన పడవెక్కాడు, దారి చెబుతున్నాడు, చుక్కాని నేను పట్టుకున్నాను' అంది. అంతే."

గొట్టం కింద డబ్బా నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. హసింతో లేచి వెళ్ళి గొట్టం కట్టేసి వచ్చాడు.

"ఎన్ని కుట్టాయట?" అని అడిగాడు కూర్చుంటూ.

"ముప్పై అని చెప్పింది మర్నాడు రేడియోలో," అంది బెనీల్దా.

"నలభై ఆరు," అన్నాడు ఎవరిస్తో. తల ఎత్తలేదు. "ముప్పై అని తనే తగ్గించింది, మీరంతా కంగారుపడతారని. ముళ్ళు నేనే తీశాను. చెవి వెనక రెండు ఉన్నాయి, అవి తీస్తుంటే మాత్రం అరిచింది."

అతను చెప్పిన అంకె ఏదైనా సగానికి కోసి వినడం హసింతోకి అలవాటు. ఈసారి కొయ్యలేదు.

బెనీల్దా డబ్బా మూత బిగించింది. "మరి అదే చెప్పచ్చు కదా దోన్ ఎవరిస్తో. ఎగిరే పడవకంటే అది పెద్ద కథ కదా."

"పెద్దదే తల్లీ," అన్నాడు ఎవరిస్తో. "అది చెప్పాలంటే గిన్నె సంగతి కూడా చెప్పాలి కదా."