సభలో సన్నబడ్డ గొంతు

సెలూన్ కుర్చీలో, ఊరి సభలన్నిటికీ మైకు సెట్టు పెట్టే పెద్దమనిషి నురగ గడ్డంతో కూర్చున్నాడు. కత్తి పట్టుకున్నది ఆయన బావమరిది.

"బావా! నిన్న ప్లాంటు సభలో మా అక్క భలే దంచిందిగా! 'పాత క్వారీలో చెత్త కాల్చి నూనె తీసే ప్లాంటొస్తే ఒంటిమీద ప్యాంటు కూడా మిగలదు, అది క్వారీ కాదు, మన గోరీ' అని!"

"ఆఁ."

"బావుల్లో నీళ్ళ సంగతి ఎత్తగానే మాట వెనకదాకా రాలేదేం?"

"గొంతు బొంగురుపోయింది, పాపం."

"తర్వాత కంపెనీ మేనేజరు గుసగుసలాడినా గంట కొట్టినట్టు వినపడిందే!"

"నువ్వు గడ్డం చెయ్యరా."

"తల దించకు బావా, తెగుద్ది. మైకు సౌండు తగ్గించింది నువ్వేనా?"

"మైకు బాడుగకు పిలిచింది కంపెనీ వాళ్ళు. మేనేజరు కళ్ళతో సైగ చేశాడు. కొద్దికొద్దిగా తిప్పా, ఎవరికీ తెలియకుండా."

"ఆవిడ నీ పెళ్ళాం!"

"తెలుసురా."

"అక్క కనిపెట్టలేదా?"

"లేదు. భయంతో తన గొంతే పెగల్లేదనుకుంటోంది. అందరి పరువూ తీశానని ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటోంది."

"మరి నువ్వేం చేశావు?"

"పొద్దున్నే ఉప్పునీళ్ళు కాచి ఇచ్చా, పుక్కిలించమని."