పెళ్లి జాకెట్టు మీద నెమలి

భవానీపురంలో ఇంటి ముందుగదిలోనే మగ్గం పెట్టుకుని పెళ్లి జాకెట్లకు వర్క్ చేసే కోడలు, మూడు నెలల పిల్లాణ్ణి భుజాన వేసుకుని కొయ్యబారి నిలబడింది. వంటింట్లోంచి అత్తగారు వచ్చింది.

"ఏమైందే, తేన్పు రాలేదా?"

"తేన్పుతోపాటు తాగిన పాలన్నీ వచ్చాయి అత్తయ్యా. పాత తువ్వాలనుకుని ఇబ్రహీంపట్నం పెళ్లికూతురి జాకెట్టు భుజాన వేసుకున్నాను. దాని కుడిచేతి మీద కక్కాడు మీ మనవడు."

"కక్కితే నా మనవడూ, నవ్వితే నీ కొడుకూనా? ఉతికెయ్."

"ఉతికితే జరీ నల్లబడుద్ది. ఎల్లుండే పెళ్లి!"

"అయితే తడిగుడ్డతో తుడిచి, మరక మీద ఓ నెమలిని కుట్టు. దాని తోక కింద ఏముందో ఎవడు చూస్తాడు?"

"ఒక చేతికే నెమలేంటని అడిగితే?"

"ఇప్పుడదే ఫ్యాషన్ అను. బోర్డు మీద డిజైనర్ అని రాయించుకున్నావుగా, ఆమాత్రం దబాయించలేవా? వాణ్ణి ఇటివ్వు."

సాయంత్రానికి నెమలి పూర్తయింది. ఫొటో పంపిన కాసేపటికే ఫోను మోగింది. మాట్లాడి వచ్చిన కోడలి ముఖం చూసి అత్తగారు పిల్లాణ్ణి ఊపడం ఆపేసింది.

"తిట్టారా?"

"లేదత్తయ్యా, తెగ నచ్చేసిందంట. ఇలాంటి ఐడియా మీకెలా వచ్చిందండీ అంటున్నారు. ఎడమచేతికి కూడా కావాలంట."

"ఇంకేం, డిజైనర్ గారికి ఆకలేస్తున్నట్టుంది. పాలు పట్టి, ఈసారి ఎడమ భుజాన వేసుకో."