దీవి పెట్టె

శనివారం మధ్యాహ్నం. ఐర్లండుకి పడమట సముద్రంలో ఓ చిన్న దీవి, అందులో డెలియా వంటిల్లు. పొయ్యి మీద కెటిల్, గూట్లో రేడియో ఓట్ల లెక్కింపు చెబుతూ పొద్దుటి నించీ నోరు మూసింది లేదు. ఎదురుగా కూర్చున్నది అక్క కూతురు ఊనా.

"తడిగుడ్డతో గొంతు కోశారే ఊనా, తడిగుడ్డతో! ఒక్కొక్కడూ నా చెయ్యి పట్టుకుని మాటిచ్చినవాడే!"

"పిన్నీ, ముందు ఎన్ని వచ్చాయో చెప్పు."

"ఆ బార్ట్లీ! కొట్టు బల్ల మీదకి వంగి మరీ చెవిలో చెప్పాడు. 'నా ఓటు అవునుకే డెలియా, మా ఆవిడకి మాత్రం చెప్పకు' అని. వాళ్ళావిడ వచ్చి, వాడికి చెప్పొద్దని అదే మాటంది. ఒకే మంచం మీద పడుకుని ఒకరికి తెలియకుండా ఒకరు మనకే వేస్తారని సంబరపడ్డాను, పిచ్చిమొహాన్ని."

"పిన్నీ."

"ఏమిటే?"

"కోల్మన్ బాబాయ్ ఫోన్లో ఎన్నని చెప్పాడు?"

"తక్కువేనన్నాడు."

"తక్కువంటే?"

"తక్కువంటే తక్కువే. బయట గాలి చూశావుగా. సగం మాట చెవిలో పడింది, సగం సముద్రంలో పడింది."

"ఇంట్లోనే మాట్లాడొచ్చుగా. ఫోన్ పట్టుకుని కోళ్ళగూడు వెనక్కి పోయావేం?"

"ఇంట్లో ఈ రేడియో గోల ఒకటి. టీ పోసుకో, నల్లగా అయిపోతోంది."

"పోసుకుంటాలే. బాబాయ్ లెక్కింపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడేది ఎందుకు? ఏ పెట్టెలో ఎవరికెన్ని వచ్చాయో కళ్ళతో చూసి చెప్పడానికే కదా? ప్రతి ఎన్నికకీ చూస్తున్నాంగా. ఆయన 'తక్కువే' అని ఊరుకునే మనిషా? వీధి వీధికీ చెబుతాడు."

"వాడికీ వయసొచ్చింది. ఇదిగో, సోడా రొట్టె తిను. వెన్న రాసుకో, ఎండిపోయినట్టుంది."

"నాకు ఆకలి లేదు."

"నీకు ఎప్పుడుందిలే ఆకలి! అటు రేడియో విను. గెలిచామంటున్నారు. దేశమంతా మూడింట రెండొంతులు అవుననే అన్నారట. గర్భస్రావం కూడదన్న ఆ సవరణ రాజ్యాంగంలోంచి ఊడి కింద పడ్డట్టే. ఇక ఏ పిల్లా కడుపు తీయించుకోడానికి నీలాగా దొంగలా పడవెక్కి ఇంగ్లండు పోనక్కర్లేదు. ఇంకా ఏం కావాలే నీకు? శవం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నావు."

"దేశం గెలిచింది పిన్నీ. నేను దేశంలో ఉండట్లేదు, ఈ దీవిలో ఉంటున్నాను. బార్ట్లీ కొట్లోనే ఉప్పు కొనుక్కోవాలి. ఫెస్టస్ పడవే ఎక్కాలి. ఆదివారం చర్చిలో ఫాదర్ టైర్నీ ఎదురుగా మీ అందరి మధ్యా కూర్చోవాలి. దేశం వచ్చి నా పక్కన కూర్చోదుగా."

"అందుకే చెబుతున్నా, వీళ్ళని పట్టించుకోకు."

"నువ్వే కదా పట్టించుకోమన్నది! హాల్లో చర్చ పెడుతున్నారని తెలిసినప్పుడు నేనేమన్నాను? నా సంగతి నలుగురి నోళ్ళలో పెట్టొద్దు పిన్నీ అన్నానా, లేదా?"

"అన్నావు."

"నువ్వేమన్నావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకే…"

"ఏమన్నావు?"

"సగం దీవి మనవైపే ఉంది, ఎవరో ఒకరు ముందు నోరు తెరిస్తే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుందన్నాను. తప్పా? నువ్వూ చూశావుగా! డబ్లిన్ నించి వచ్చిన ఆ కుర్ర డాక్టరు కాగితం చూసి అంకెలు చదువుతుంటే జనం కునికిపాట్లు పడుతున్నారు. ఫాదర్ టైర్నీ లేచి 'ప్రాణం' అని ఒక్క మాట అన్నాడో లేదో, అందరూ నిటారుగా కూర్చున్నారు. అప్పుడు నేను లేవకపోతే ఇంకెవరు లేస్తారు?"

"లేచి?"

"లేచి చెప్పాను. మా ఊనా వెళ్ళింది, దానితో నేనూ వెళ్ళాను, లివర్‌పూల్లో ఆ గెస్ట్‌హౌస్ గదిలో దాని నుదురు తుడిచింది నేనే, దాన్ని హంతకురాలంటే ముందు నన్ను అనండి అన్నాను. టైర్నీ మొహం చూడాలి! నోట్లో ఈగ పోయినట్టు."

"చప్పట్లు కొట్టారు."

"కొట్టరూ! ఫెస్టస్ అయితే లేచి నిలబడి మరీ కొట్టాడు."

"నేను ఏడ్చాను. ఆఖరి వరసలో, తలుపు పక్కన. నాకు ఇంతమంది ఉన్నారా అని ఏడ్చాను. రెండేళ్ళు తల దించుకుని తిరిగానే ఈ రోడ్ల మీద, ఎందుకు తిరిగానా అని నన్ను నేనే తిట్టుకున్నాను."

"నా తల్లీ."

"మర్నాడు బార్ట్లీ వాళ్ళావిడ నాకు కేకు పంపింది."

"ఆ కేకు మాట ఎత్తకు! అందులో ఎండుద్రాక్ష ఎంతుందో దాని మనసులో విషం అంతుంది. నోటితో నవ్వి నొసటితో వెక్కిరించే జాతి."

"మొత్తం దీవికి నా కడుపులో జరిగింది తెలుసు పిన్నీ. వాళ్ళ మనసుల్లో ఏముందో నాకు మాత్రం తెలీదు. ఇవాళ తెలుస్తుందనుకున్నాను. ఎవరు వేశారో పేర్లు అక్కర్లేదు, ఎంతమంది అన్నది చాలు అనుకున్నాను. పదిమంది ఉన్నారంటే, దారిలో ఎదురొచ్చిన ప్రతివాడూ ఆ పదిమందిలో ఒకడేమో అనుకుని బతికేయొచ్చు కదా."

"పదిమంది ఉండకపోవచ్చే."

"అయిదుగురు?"

"నన్నలా గుచ్చి గుచ్చి అడక్కు ఊనా. వినపడలేదన్నానా?"

"సరే, ఫెస్టస్‌నే అడుగుతాను. అదిగో పడవ రేవులోకి వచ్చింది. నిలబడి చప్పట్లు కొట్టినవాడు నా కళ్ళలోకి చూసి చెప్పనీ, ఎవరికి వేశాడో."

"వద్దే! కూర్చో. కూర్చోవే!"

"ఎందుకు వద్దు?"

"పాపం, వాడినేం అడుగుతావు? చెయ్యి వదిలించుకోకు, కూర్చో. వాడి తప్పేముంది?"

"ఇప్పటిదాకా గొంతు కోశారన్నావు. ఇప్పుడేమో పాపం అంటున్నావు!"

"కోపంలో అన్నానే. కోపంలో లక్ష అంటాం. నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలీదు. గురువారం నాడు, దేశానికి ఒక రోజు ముందే, దీవిలో ఓట్లు పెట్టింది మన బళ్ళోనేగా. అందరం అక్షరాలు దిద్దిన గదే. అదే సున్నం వాసన. గోడ మీద అదే మేరీమాత. ఆ తెర వెనక మనిషి ఒక్కడే నిలబడతాడు. చేతిలో పెన్సిలుంటుంది. చచ్చిపోయిన అమ్మ గుర్తొస్తుంది, మొదటిసారి దివ్యప్రసాదం తీసుకున్న రోజు గుర్తొస్తుంది. నోరు ఎన్ని కబుర్లయినా చెబుతుంది గానీ, అక్కడ చెయ్యి దాని దారిన అది పోతుంది."

"నీ చెయ్యి పోలేదుగా?"

"నా సంగతి వేరు."

"అదే అంటున్నా. నీకూ అదే బడి, అదే గోడ, అదే మేరీమాత. అమ్మమ్మ నీకూ అమ్మే. నీ చెయ్యి నీ మాట విన్నప్పుడు ఫెస్టస్ చెయ్యికేం రోగం?"

"అందరూ ఒకలా ఉంటారటే! అరిచి అరిచి గొంతు పోతోంది నాకు. ఆ కిటికీ వెయ్యి, గాలి కొడుతోంది."

"వేసే ఉంది."

"అయితే రేడియో తగ్గించు."

"పిన్నీ, లీడ్స్ వాళ్ళు మళ్ళీ రాశారు. ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంచారట."

"మళ్ళీ ఆ ఇంగ్లండేనా!"

"గాల్వేలోనూ చూశాను, దొరకలేదు. నిన్న ఓటు వెయ్యడానికి గాల్వే వెళ్ళినప్పుడే తేల్చుకున్నాను. దీవి లెక్క చూసి చెబుతా వాళ్ళకి, అనుకున్నాను. చదువుకున్నప్పుడు చేర్చిన నా పేరు అక్కడి ఓటర్ల జాబితాలోనే ఉండిపోయిందని ఎంత బాధపడ్డానో తెలుసా? ఇక్కడుంటే మన పెట్టెలో నాదీ ఒకటి పడేది, నీ ఓటుకి తోడుగా."

"అక్క పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. అప్పట్నించీ ఈ బల్ల దగ్గరే పెరిగావు. నువ్వు పోతే ఈ ఇంట్లో నాకు మాట్లాడ్డానికి కోళ్ళు తప్ప ఏమున్నాయే?"

"ఏడవకు. పూర్తిగా విను. నేను పోనంటున్నాను."

"ఆఁ?"

"సగం దీవి లేకపోతే పోనీ. పదిమంది లేకపోతే పోనీ. ఆ పెట్టెలో ఒక్కటుంది కదా. అది ఎవరిదో నాకు తెలుసు కదా. నాతో పడవెక్కి వచ్చిన మనిషిది, అందరి ముందూ లేచి నా పేరు చెప్పిన మనిషిది. ఒక్కరుంటే చాలు పిన్నీ. నేను ఉండిపోతాను. సోమవారం లీడ్స్ వాళ్ళకి రానని చెప్పేస్తాను."

"నిజంగానా ఊనా?"

"నిజంగానే. ఇంకెందుకు ఏడుపు? ఉంటానంటుంటే కూడా ఏడుస్తారా ఎవరైనా?"

"సంతోషానికే. సంతోషానికే. ఆ కప్పు ఇటివ్వు, వేడి టీ పోస్తాను. ముసలిదాన్ని అయిపోయాను, ఊరికే కళ్ళు కారతాయి…"

"ఎవరో వస్తున్నారు. కోల్మన్ బాబాయే! రా బాబాయ్, తలుపు తీసే ఉంది."

"అమ్మయ్య! ఆ పడవ ఊగిన ఊగుడికి పేగులు నోట్లోకొచ్చాయి. ఏమ్మా ఊనా, బాగున్నావా? వదినా, ఓ కప్పు వేడిగా పొయ్యి."

"కోల్మన్, తెల్లారకముందే లేచి వెళ్ళావు. అలిసిపోయి ఉంటావు. ఇంటికెళ్ళి పడుకోరాదూ?"

"టీ తాక్కుండానా? నిన్ను పెళ్ళి చేసుకుని మా అన్న ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నించీ ఇలాంటి మాట వినలేదు వదినా."

"కూర్చో బాబాయ్, నేను పోస్తాను. గెలిచాం, చూశావా?"

"చూడకేం. కళ్ళెదురుగానే ఓడిపోయాంగా. పెట్టె మీద పెట్టె బోర్లిస్తుంటే మావాళ్ళ మొహాలు వాడిపోయాయి. నేను వేసింది కాదుకే అని నీకు తెలుసు కదమ్మా. చర్చ అయిన రాత్రే గుమ్మంలో ఆపి నీ మొహం మీదే చెప్పాను, నీ మీద ప్రేమ లేక కాదూ, నా నమ్మకం అదీ అని."

"చెప్పి వేశావు బాబాయ్. నీ మీద నాకు ఏ కోపమూ లేదు. చప్పట్లు కొట్టి వేసినవాళ్ళ మీదే."

"ఇక ఓట్ల మాట చాలించండి ఇద్దరూ! పొద్దుటి నించీ అదే రామాయణం. కోల్మన్, మీ గొర్రెలు రాత్రి మా గోడ దూకాయి తెలుసా?"

"ఉండు పిన్నీ. ఒక్కటడుగుతాను. బాబాయ్, మన దీవి పెట్టెలో అవునుకి ఎన్ని?"

"వదిన చెప్పలేదూ?"

"నాకు వినపడలేదని చెప్పాను కోల్మన్. గాలికి. ఏమీ వినపడలేదని చెప్పాను."

"వినపడకపోవడమేమిటి వదినా, నా చేత రెండుసార్లు చెప్పించుకుంటివి!"

"కోల్మన్—"

"నువ్వు చెప్పు బాబాయ్. తక్కువని తెలుసు నాకు. ఫరవాలేదు. తక్కువకి సిద్ధపడే ఉన్నాను."

"తక్కువేమిటమ్మా… ఒక్కటీ లేదు. దీవిలో ఓటున్నవాళ్ళందరూ వేశారు, అందరూ కాదుకే వేశారు."

"చెల్లకుండా పోయిందేమో బాబాయ్, ఒకటి? పెన్సిలు జారి, గీత పక్కకి పోయి?"

"చెల్లనిది ఒక్కటీ లేదమ్మా. నా కళ్ళు సరిగ్గా చూశాయో లేదోనని నేనే నమ్మలేకపోయాను. వదినా, హాల్లో ఆ రోజు నువ్వు మాట్లాడిన మాట ఇంకా నా చెవుల్లో ఉందా, విప్పేటప్పుడోసారి, కట్టలు కట్టేటప్పుడోసారి కమ్మీ మీదకి వంగి కాగితం కాగితం చూశాను. వాళ్ళెవరిదో కాదు వదినా, నీ ఓటు కోసమే వెతికాను."