కర్రకాళ్ళ మీద సముద్రం దాటినవాడు

రామమోహన్ పోయి నెలయింది. మొదటి మాసికం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో స్నేహితుడు జగన్మోహన్ ఇంట్లోనే పెట్టారు. భోజనాలయ్యాక మగవాళ్ళంతా బేస్‌మెంట్‌లో చేరారు గానీ ఎవరి నోటా మాట లేదు. రామమోహన్ పనిలో కిందపడ్డప్పుడు పక్కనున్నది తోటి ఇంజనీరు భీమశంకర్ ఒక్కడే. ఎవరూ అడగకపోయినా అందరూ తననే అడుగుతున్నట్టుంది.

"అసలా కర్రకాళ్ళంటే ఏమిటో మీకెవరికైనా తెలుసా?" అన్నాడు.

ఎనభై రెండులో స్టీల్ ప్లాంట్‌లో లేఆఫ్ అయ్యాక ఇంజనీర్లిద్దరూ ఇళ్ళ సీలింగులకి పూత వేసే పనికి కుదిరారు. నిచ్చెన జరుపుకునే బాధ లేకుండా కాళ్ళకి అల్యూమినియం కర్రకాళ్ళు బిగించుకుని నడుస్తూ పూయాలి. రామమోహన్ వాటి మీంచే పడ్డాడు.

"మొదట వాటి మీద ఒక్క గది తిరిగొచ్చానంతే" అన్నాడు భీమశంకర్. "మేస్త్రీ నోరెళ్ళబెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫ్రాన్స్ నుంచి కబురు! అక్కడ లాండ్ అని చిత్తడి నేల. పూర్వం గొర్రెల కాపర్లు కర్రకాళ్ళ మీదే బతికారండీ, పైన నిలబడే ఉన్ని అల్లుకుంటూ మందని కాసేవాళ్ళు. వాళ్ళ మునిమనవడొకాయన నన్ను చూసి, మా తాత నడక ఇదేనని బావురుమన్నాడు."

"నువ్వు ఫ్రాన్స్ ఎప్పుడు పోయినవ్?" అన్నాడు తిరుపతయ్య. ఆయన జగన్మోహన్‌కి మామగారు, వరంగల్ నుంచి వచ్చాడు.

"లేబర్ డే సెలవుల్లో పెద్దాయనా! పక్కనే బెల్జియం. నామూర్ అనే ఊళ్ళో వందల ఏళ్ళుగా కర్రకాళ్ళెక్కి రెండు జట్లు తన్నుకుంటాయి. మనిషి తక్కువైతే నన్ను దింపారు. ఒక్క తన్నుకి ఇరవైమంది. రెండో తన్నుకి చర్చి గంట దానంతటదే మోగింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పట్టుకుని భీమశంకర్ ఇంకా పైకెక్కాడు.

"ట్రినిడాడ్‌లో మోకో జంబీలని కర్రకాళ్ళ వేషగాళ్ళుంటారు. బానిసలుగా పట్టుకుపోయిన తనవాళ్ళని వెతుక్కుంటూ వాళ్ళ దేవుడు ఆఫ్రికా నుంచి సముద్రంలో నడిచొచ్చాడట. నేను ఎదురెళ్ళానండీ! నడిసముద్రం నాకు మోకాటి లోతు. తిమింగలాలు కాళ్ళ సందున దూరిపోతున్నాయి, మబ్బులు నడుముకి తగులుతున్నాయి. రామమోహన్ నా భుజమ్మీద కూర్చుని, ఇంకా పైకిరా శంకర్, ఇంకా పైకి అంటాడు. చుక్కలందాయి. అయినా పడలేదండీ. అంత ఎత్తు నుంచి కూడా ఇద్దరం పడలేదు."

ఇప్పుడెవరూ నవ్వలేదు. రామమోహన్ భార్య ఉష మజ్జిగ గ్లాసుల ట్రేతో మెట్ల మీద నిలబడి ఉంది.

"అన్నయ్యగారూ, మీరొక్కసారైనా వాటినెక్కారా?"

భీమశంకర్ తల తిప్పుకున్నాడు.

"ఆయన సామానుతో అవీ ఇంటికొచ్చాయి. పట్టీ మీద మీ పేరు రాసుంది."

"లేదమ్మా, ఎక్కలేదు." అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "చిన్నప్పట్నుంచీ వాటి మీదే తిరిగానని మేస్త్రీ దగ్గర కోతలు కోశాను. నా మాట నమ్మి తెప్పించాడు. తీరా కట్టుకోబోతే నా కాళ్ళు వణికాయి. నీ పని పోతుందిరా, ఇటివ్వు అని రామమోహన్ కట్టుకున్నాడు. వాడికీ అదే మొదటిసారి."

"ఎంత ఎత్తు నుంచి పడ్డారు?"

"రెండడుగులు. కింద గడప అంచు తలకి తగిలింది."

ఆమె ట్రే పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. "ఆఖర్న ఆయన ఏమైనా అన్నారా?"

భీమశంకర్ నోటికి మాటలు తోసుకొచ్చాయి. నీ పేరే తలిచాడమ్మా, నవ్వుతూ పోయాడమ్మా... ఏది చెప్పినా ఆమె నమ్మేలా ఉంది.

"ఏమీ అనలేదమ్మా" అన్నాడు.