శ్రీశైలం చెప్పిన తాష్కెంట్

కాజీపల్లిలో మందుల కంపెనీ గేటు ఎదురుగా పుష్ప చాయ్ హోటల్. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకు ముందు అక్కడ శ్రీశైలం నోరు తెరిచాడంటే, చేతిలో చాయ్ చల్లారిపోయినా ఎవరూ లేవరు. ఫిట్టర్ పని మీద కంపెనీ అతన్ని తాష్కెంట్ పంపింది. పదకొండు నెలలుండి వచ్చాడు. వచ్చి రెండేళ్లయినా ఆ ఊరి ముచ్చట ఇంకా ఒడవలేదు.

ఆ రోజు బల్ల చివర బాలరాజ్ కూర్చున్నాడు. ఈసారి తాష్కెంట్‌కు ఆఫీసు వాళ్లు అతని పేరే రాశారు. పోతాడో లేదో షిఫ్టు ఎక్కేలోపల చెప్పాలి. జహీరాబాద్ దాటి ఎరగని మనిషి. వారం నుంచి అన్నం సయించడం లేదు, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. శ్రీశైలం మాటల్లో తనకు పనికొచ్చేది ఒక్కటైనా దొరుకుతుందేమోనని చెవులు అటే పెట్టాడు.

"పోయిన మూడోనాడే ఉల్లిగడ్డలు కొన్న," మొదలుపెట్టాడు శ్రీశైలం. "భాష రాదు. వేలు చూపెట్టిన, తలకాయ ఊపిన, తెచ్చుకున్న. గంతే."

"అందులో ఏముందయ్యా?" అన్నాడు నరసరాజు. భీమవరం వైపు నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయిన పెద్దాయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా సారూ? ఆ ఉల్లిగడ్డ కోసి పప్పుచారుకు పోపు పెట్టిన. వాసనకు పక్క రూమోడు తలుపు కొట్టిండు. ఆయన ఎనక పెండ్లాం, ఆమె ఎనక అత్త. ఇగ చూస్తే కింద గేటు దాక లైను. ఒక్క గిన్నె చారు బిల్డింగంత తాగిన్రు, ఇంక అడుగున మిగిలింది."

"గసుంటి గిన్నె నాకొకటి తెప్పియ్యన్నా," అంది పుష్ప చాయ్ వడపోస్తూ.

"నవ్వకక్కా, జెర విను. చలికాలం వచ్చింది. మంచు నడుం దాక. బస్సులు రోడ్ల మీద నిలవడ్డయ్, ఊరంత పరేషాన్. నేనేం జేసిన? కిటికీ తెరిచి, ఇంటి నుంచి తీస్కపోయిన ఎండుమిరపకాయలు కిలో ఒక్కపారే నూనెల ఏసిన. ఆ ఘాటుకు ఊరోళ్లంత ఒక్కపారే తుమ్మిన్రు. ఆ తుమ్ముకు మంచు లేచి పోయి పక్క జిల్లాల వడ్డది!"

"మరి నీకు తుమ్ము రాలేదా?" అడిగాడు నరసరాజు.

"మందులుడికే రియాక్టర్ల పక్కన పదిహేనేండ్ల సంది నిలవడ్డ ముక్కు సారూ ఇది!"

బల్లంతా నవ్వింది. శ్రీశైలం నవ్వలేదు. కోర్టులో సాక్ష్యం చెప్పే మనిషిలా మొహం పెట్టి ఇంకా ముందుకు జరిగాడు.

"ఇగ ఊరిపెద్ద వచ్చిండు. టోపీ చేతుల వట్టుకుని, 'శ్రీశైలం, నువ్వు పోవద్దు' అన్నడు. తెలుగుల అన్నడు! అప్పటికే బజారంత నేర్చుకుంది. రొట్టెల దుకాణపామె నన్ను చూస్తే 'ఏందన్నా, బాగున్నవా' అనేది. నేనొచ్చే దినం విమానం లేవలే. ఊరోళ్లంత రెక్కలు వట్టుకుని ఏలాడిన్రు. నా రూం ముంగటి బస్సు స్టాపుకు ఇప్పుడు నా పేరే. 'శ్రీశైలం దిగేటోళ్లు దిగున్రి' అని డ్రైవరు ఒర్రుతడు!"

నవ్వులు సద్దుమణిగాక బాలరాజ్ ఫోను తీశాడు. "అన్నా, నన్ను సుత ఆ రూంలనే పెడతరంట. ఆ బజార్ల ఒక్కరి పేరు చెప్పు. రాసుకుంట. నీ పేరు చెప్పి పోయి కలుస్త."

అతని గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

"శానమంది ఉన్నరు తమ్మీ."

"ఒక్కరిది చాలు. ఆ రొట్టెల దుకాణపామెది చెప్పన్నా."

శ్రీశైలం చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు, కానీ బాలరాజ్ వేలు ఫోను మీద రాయడానికి సిద్ధంగా ఉంది.

"తెల్వదు," అన్నాడు చివరికి. "ఎవ్వరి పేరూ తెల్వదు. కంపెనీ వ్యాను వచ్చేది, ప్లాంటుకు పోయేటోణ్ని. మల్ల అదే వ్యాన్ల రూముకు. తిండి క్యాంటీన్ల. ఉల్లిగడ్డ సుత కొనలే. రెండుసార్లు బజారు దాక పోయిన. మాట తప్పు పోతే నవ్వుతరని వాపసొచ్చిన. బస్సును రూం కిటికీల నుంచి చూసుడే, ఎక్కలే."

పుష్ప స్టవ్ తగ్గించింది.

"నాకు సుత భయమైతుందన్నా," అన్నాడు బాలరాజ్. వారం నుంచి లోపల దాచుకున్న మాట అది.

శ్రీశైలం అతని వైపు చూశాడు. "మా బిల్డింగు లిఫ్టుల ఒక ముసలామె ఎక్కేది తమ్మీ. నా దిక్కు జూసి దినాం ఏదో అనేది. నేను తల వంచుకుని నిలవడేటోణ్ని. పదకొండు నెలలు ఇడువకుండ పలకరిచ్చింది. ఒక్కనాడు సుత జవాబియ్యలే. ఏమన్నదో ఇప్పటికీ తెల్వదు."

గేటులో సైరన్ మోగింది. అందరూ లేచారు. బాలరాజ్ లేచాడు గానీ కదల్లేదు.

"ఎన్నో అంతస్తుల ఎక్కేదన్నా?"

"ఐదు."

"ఎన్ని గంటలకు?"

"పొద్దుగాల ఏడుకు పది నిమిషాలు తక్కువ," అన్నాడు శ్రీశైలం, తడుముకోకుండా.

బాలరాజ్ అది ఫోనులో రాసుకుని, గేటు లోపలికి వెళ్లి, ప్లాంటు దారి వదిలి ఆఫీసు మెట్లెక్కాడు.