ఏటికి ఇవతలి తాత

ఊ కొట్టవేం అవ్వా? మొదటి వాక్యం దగ్గరే నోరు కట్టేసుకుంటే రెండోది నేనెట్ల చదివేది? ఊ కొట్టేవాళ్లు లేకుంటే కథ నడవదని నేర్పింది నువ్వే గదా.

నేను రాసింది మళ్లీ చదువుతా, విను. "గుండ్లకమ్మ వరదలో చెంచయ్య కొట్టుకొనిపోయినాడు. కుక్క ఒక్కటే గొర్రెలను తోలుకొని ఇంటికి వచ్చింది." బాగుంది గదా?

అట్ల చూడొద్దు. నీ మొగుడి పేరు నీ నోట రాదని తెలుసు. కథలో రాయకుంటే ఎట్ల మరి?

దీన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు అవ్వా. మార్కాపురం డేరా సినిమాలో చూసినాను. ముందు చావు చూపిస్తారు. తర్వాత పొగ లేస్తది. ఆ పొగలోంచి చచ్చినాయన నవ్వుకుంటా నడిచొస్తాడు. నేనేం తక్కువ తిన్నానా, పేజీకో పొగ పెట్టినాను. పచ్చికట్టెలు పెట్టిన మన పొయ్యి కూడా అంత పొగ చిమ్మదు. నవ్వుకో, పర్వాలేదు.

రాష్ట్రం కొత్తదయింది. రాజధాని కర్నూలు విడిచి హైదరాబాదుకే పోయింది. రాత్రిళ్లు నువ్వు చెప్పే కథలో తాత మాత్రం ఈ పొద్దుటికీ గుండ్లకమ్మ దాటలేదు. నా చిన్నప్పటి నుంచీ అంతే. తలగుడ్డ చుట్టుకుంటాడు. గొర్రెలను తోలుకొని పోతాడు. యర్రగొండపాలెం సంతలో నీకు గాజులు బేరమాడుతాడు. తిరిగి వస్తా వస్తా ఏటి ఒడ్డున నిలబడి మబ్బు చూస్తాడు. అంతే, "ఇంక నిద్రపో" అంటావు. పాపం మా అవ్వకు కథ ముగించడం రాదనుకున్నాను. చదువుకున్నదాన్ని, నేను ముగించి చూపిద్దామని, ఊరంతా ఎరిగిన, నువ్వు చెప్పని ఆ చివరనే ముందు పెట్టినాను.

ఏందీ? నీళ్లల్లో పోయినోడు ఇంక గాజులు ఎవరికి తెస్తాడు అంటావా?

అవును. మొదటి వాక్యంలోనే చంపేసినాను. ఆ తర్వాత ఎంత వెనక్కి పోయినా, ఆయన తలగుడ్డ చుట్టుకుంటుంటే శవానికి గుడ్డ చుట్టినట్టే ఉంది. ఇన్నేండ్లు నువ్వు ఒడ్డున నిలబెట్టి కాపాడుకున్న మనిషిని ఒక్క వాక్యంతో ఏట్లోకి తోసినాను. పైగా, బాగుంది గదా అని నిన్నే అడిగినాను.

సరే, ఆ వాక్యం కొట్టేసినాను. పొగలు కూడా తీసేస్తా. నీ లెక్కనే చెప్తా, ఊ కొట్టు.

అనగనగా తాత తలగుడ్డ చుట్టుకున్నాడు. ఆఁ, అట్ల కొట్టు. గొర్రెలను తోలుకొని పోయినాడు. సంతలో గాజులు బేరమాడినాడు. తిరిగి వస్తా వస్తా ఏటి ఒడ్డున నిలబడి మబ్బు చూసినాడు.

ఇంక ఊ కొట్టొద్దు అవ్వా. తర్వాతది చెప్పడం నాకూ చేతకాదు.